అన్ని సీసాలూ పెద్దకోడలివే

మీరే చేశారు. ఇంకెవరూ కాదు. ఆయిల్ కంపెనీ కాదు, ల్యాబు కాదు, గుంతలు పడ్డ రోడ్డు కాదు. షెడ్డులో నల్లచేతులతో తిరిగే మా మెకానిక్కుల మీదికి మాత్రం నెట్టకండి. హెడ్డాఫీసులో కూర్చుని, ల్యాబుకి పంపిన ఆయిల్ సీసా రిపోర్టులో ప్రమాదం అని వస్తే బండి ఆపండి, బండి ఆగితే దాని డ్రైవరూ మెకానిక్కూ ఇంట్లో కూర్చోండి, జీతం అడక్కండి అని రూలు రాసింది మీరు. గేర్‌బాక్సు ఆయిల్ పీపాకి తాళం వేయించింది మీరు. నా బండిని చంపింది మీరు. ఇలాగే వదిలేస్తే రేపు మనుషుల్ని కూడా చంపుతారు. అందుకే ఇదంతా చెబుతున్నాను. ఓపిక ఉండి కాదు. అది ఎప్పుడో అయిపోయింది.

కొండమీది ఫ్యాక్టరీకి షిఫ్టు మనుషుల్ని ఎక్కించి దించడం నా పని. మా ఆయన కూడా అందులోనే పని చేస్తాడు, సాయంత్రం షిఫ్టు దిగి నా బస్సులోనే ఇంటికి వస్తాడు. ఎక్కేటప్పుడు బండికి ఇంజిన్ దిక్కు. దిగేటప్పుడు గేర్‌బాక్సు దిక్కు. ఇది మీకెవరూ చెప్పినట్టు లేదు, నేను చెబుతాను. అంత దిగుడులో బ్రేకు తొక్కుకుంటూ వస్తే సగం దారిలోనే బ్రేకులు కాలిపోతాయి. అందుకని మా బస్సుల్లో రిటార్డర్ అని ఒకటి ఉంటుంది. స్టీరింగ్ పక్కనున్న పిడి లాగితే గేర్‌బాక్సులోని ఆయిల్ లోపల అడ్డం పడి, బండిని వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆపుతుంది. ఎర్రగా, పల్చగా ఉంటుంది ఆ ఆయిల్. నిండు బస్సుకీ లోయకీ మధ్య ఉన్నది అదే.

షెడ్డులో నా బండిని పెద్దకోడలు అంటారు. ఎంత చాకిరీ చేయించినా నోరెత్తదని. ఆ పేరు పెట్టింది మాలో అందరికన్నా ముసలి డ్రైవరు, మేమంతా బాబాయి అంటాం. "బండీ పెద్దకోడలే, నడిపేదీ పెద్దకోడలే, ఇంకేం కావాలిరా ఈ కొంపకి" అని మొదటిరోజే నవ్వించాడు. నిజమే, మా ఇంటికి నేను పెద్దకోడల్ని. నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడు. తల దువ్వి బడికి పంపింది నేనే. వాడిప్పుడు ఇదే షెడ్డులో మెకానిక్కు. నా బండి చూసేదీ వాడే.

వర్షాలు వెనకబట్టిన దగ్గర్నుంచి పెద్దకోడలు మారిపోయింది. గేరు మారేటప్పుడు ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక కుదుపు. దిగుడులో పిడి లాగితే వెంటనే పట్టుకునేది కాస్తా, లాగాక ఆలోచించుకుని పట్టుకునేది. ఆ కాస్త ఆలోచనలో నా ప్రాణం అరచేతిలోకి వచ్చేది. వెనకాల మనుషులు తలలు వాల్చి నిద్రపోతుంటారు. అలిసిపోయిన మనుషులు అంతే, ఎవరి చేతుల్లో పెట్టారో చూసుకోకుండా ప్రాణం పెట్టేసి నిద్రపోతారు.

మీ మెయింటెనెన్స్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. షెడ్డులో ఆయన్ని తడిగుడ్డ అంటారు. గొంతు పెంచడు. ఎప్పుడూ అమ్మా, నాయనా అంటూనే గొంతు కోస్తాడు.

"గేర్‌బాక్సు చూడాలి సార్. దిగుడులో పట్టుకోవట్లేదు."

"కూర్చోమ్మా. నీ బండి రిపోర్టు ఇదిగో, చూడు. బాగుంది అని ఉంది. ఇంజిన్ బాగుంది, గేర్‌బాక్సు బాగుంది. నీదే కాదు, షెడ్డులో అన్ని బండ్ల రిపోర్టులూ బంగారమే."

"అది ఎండాకాలం రిపోర్టు సార్."

"కొత్తది వచ్చేదాకా ఇదే కదమ్మా రిపోర్టు."

"సార్, నడిపేది నేను."

"అలసటమ్మా. ఇంటికెళ్లి బాగా నిద్రపో."

ఇంటికెళ్లాను. వంట చేశాను, అత్తగారి కాళ్లకి మందు రాశాను, నిద్ర మాత్రం పోలేదు. మర్నాడు మళ్లీ అదే బండి ఎక్కాను. ఎక్కకుండా ఏం చేయను?

ఆ కొత్త రిపోర్టు ఈరోజు మధ్యాహ్నం వచ్చింది. అన్ని బండ్లకీ ప్రమాదం. ఒక్కటి కూడా మిగల్లేదు.

తడిగుడ్డ మమ్మల్నందర్నీ రెస్టు రూములో కూర్చోబెట్టాడు. ఫ్యాను తిరగదు. గోడకి ఆనించిన బెంచీల మీద డ్రైవర్లు, కింద నేలమీద మెకానిక్కులు. టీ అప్పటికే చల్లారి మీగడ కట్టింది. ఆయన ముఖంలో మొదటిసారి చెమట చూశాను. రిపోర్టు రాసిన ల్యాబు అమ్మాయి కూడా వచ్చింది. కాగితాలు పంపేసి ఊరుకోలేక, భయపడి స్వయంగా వచ్చిందట. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో చిన్న పెట్టె, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉంది.

తడిగుడ్డ మొదలుపెట్టాడు. "ఇన్ని బండ్లు ఒకేసారి పాడవ్వవు నాయనా. ఆయిల్ కంపెనీవాడు కల్తీ సరుకు అంటగట్టాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను. మీరు మళ్లీ నమూనాలు తీయండి. కొత్త రిపోర్టు వచ్చేదాకా బండ్లు తిరుగుతూనే ఉంటాయి. షిఫ్టులు ఆగకూడదు."

"ఆపితే మమ్మల్ని ఇంట్లో కూర్చోబెడతారు కదా సార్, ఇప్పుడేంటి తిరగమంటున్నారు?" అన్నాడు బాబాయి. "ఒకటి చెడిపోతే రోగం, అన్నీ చెడిపోతే ఆరోగ్యమా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

ల్యాబు అమ్మాయి గొంతు సవరించుకుంది. "సార్, ఒక మాట. కల్తీ అయితే ఇలా రాదు. అన్ని ఇంజిన్ సీసాల్లోనూ ఒకే లెక్కన ఇనుము అరుగుడు, ఒకే లెక్కన ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ నీళ్లు. గేర్‌బాక్సు సీసాల్లో అయితే మాడిపోయిన క్లచ్చు పొడి ఉంది. దాంట్లో ఇంజిన్ ఆయిల్ కూడా కలిసి ఉంది. గేర్‌బాక్సులోకి ఇంజిన్ ఆయిల్ రావడమే తప్పు, అన్ని బండ్లలోకీ ఒకే పాళ్లలో ఎలా వస్తుంది? ఇవి వేరువేరు బండ్లవి కావు సార్. ఒకే మనిషి రక్తం అన్ని సీసాల్లో పట్టి, మీద వేరే వేరే పేర్లు రాసినట్టుంది."

 డ్రైవర్లంతా పైకప్పు చూస్తున్నారు, మెకానిక్కులంతా నేల చూస్తున్నారు. నేను మా మరిదిని చూశాను. వాడు తన బూటు లేసుని చూస్తున్నాడు, అది ఊడి కూడా లేదు.

లేచి వాడి భుజం తట్టాను. "ఒరేయ్, బయటికి రా."

"ఇప్పుడు కాదు వదినా."

"ఇప్పుడే."

పాత టైర్ల గుట్ట వెనక్కి తీసుకెళ్లాను. రబ్బరు వేడికి వాసన కొడుతోంది. దూరంగా పెద్దకోడలు నిలబడి ఉంది, కింద చిన్న మడుగు కట్టి. అది నీళ్లో ఆయిలో అక్కడినుంచి తెలియలేదు.

"ఏ బండిలోంచి పట్టారు?"

"అన్నిట్లోంచీ."

"నా ముఖం చూసి చెప్పు."

చూడలేదు. చేతిలోని గుడ్డని పిండాడు. దాంట్లో పిండటానికి ఏమీ లేదు.

"పెద్దకోడల్లోంచి" అన్నాడు.

"ఎన్ని సీసాలు?"

"అన్నీ."

"ఎప్పట్నుంచి జరుగుతోంది ఇది?"

"మెకానిక్కు పొట్టోడు చూసే బండి ఆపేశారు కదా, అప్పట్నుంచి. స్పేరు పార్టు రాదు, బండి కదలదు, వాడూ వాడి డ్రైవరూ ఇంట్లో కూర్చున్నారు. వాడు చివరికి సైకిల్ అమ్ముకున్నాడు వదినా. అది చూశాక అందరికీ భయం పట్టుకుంది. నీ బండి రిపోర్టు ఎప్పుడూ బాగానే వస్తుంది. నువ్వు షిఫ్టు దించి వస్తావు, బండి వేడిగా ఉంటుంది, వేడి మీదే పట్టాలంటారు కదా. నువ్వు టీకి వెళ్లగానే ఎవడి సీసా వాడు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పుల్ల తీసి, ఆ కంతలోంచి గొట్టం దించి, చేతిపంపుతో పీల్చుకునేవాళ్లం."

వీధి పంపు దగ్గర బిందెలు పట్టుకున్నట్టు నిలబడ్డారన్నమాట. నేను అటుపక్క టీ తాగుతూ ఉన్నాను.

"తీసింది మళ్లీ పోశారా?"

"పోశాం. తక్కువైతే లైటు వెలుగుతుంది కదా."

"గేర్‌బాక్సులో ఏం పోశారు?"

 

"ఎర్ర ఆయిల్ పీపాకి తాళం వదినా. స్లిప్పు లేనిదే చుక్క ఇవ్వరు. స్లిప్పు మీద ఏమని రాయాలి? అందరి సీసాలూ ఒక్క బండిలోంచి నింపాం, దానికి దాహంగా ఉంది అని రాయాలా?"

"అందుకని?"

"ఇంజిన్ ఆయిల్ పోశాం. అది బయటే ఉంటుంది. కొంచెమే అనుకున్నాం. ప్రతిసారీ కొంచెమే."

కొట్టడానికి చెయ్యి లేచింది. సగంలో దిగిపోయింది. కొట్టడానికైనా ఒంట్లో ఏదో మిగలాలి.

"మీ అన్న రోజూ ఆ బండిలో దిగుతాడురా."

"తెలుసు."

"తెలిసే పోశావా?"

"నీ బండికి ఏం కాదనుకున్నాను వదినా. దానికి ఎప్పుడూ ఏం కాదు కదా."

 బాగా లాగే ఎద్దు మీదే అందరూ బరువు వేస్తారు, అది మోకాళ్ల మీద పడేదాకా దానికి మోకాళ్లున్నాయని ఎవరికీ గుర్తుండదు. మా ఇంట్లోనూ అదే, మీ షెడ్డులోనూ అదే. నాకు వాడి మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, కోపంలో కాస్త బలం ఉంటుంది.

"నువ్వు చెప్పకు" అన్నాడు వాడు. "నేనే చెబుతాను. నువ్వు చెబితే మరిదిని పట్టిచ్చిందని అంటారు."

"ఉద్యోగం పోతుందిరా."

"చెప్పకపోతే అన్నయ్య పోతాడు."

లోపలికి వెళ్లాడు. నేలమీద కూర్చోలేదు, నిలబడే చెప్పాడు. తాళం గురించి చెప్పాడు, ఇంజిన్ ఆయిల్ గురించి చెప్పాడు, వరస గురించి చెప్పాడు. ఎవరి పేరూ చెప్పలేదు. అప్పుడు బాబాయి బెంచీ మీదనుంచి లేచి, "నా బండి సీసా కూడా అందులోదే, నాకు తెలుసు" అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఏదో బరువు దించుకున్నట్టు చెప్పి మళ్లీ కూర్చున్నారు.

తడిగుడ్డ ఏం చేస్తాడా అని చూశాను. ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. నేను ఒట్టేసి చెబుతున్నాను, నవ్వాడు.

"హమ్మయ్య. ఇదా సంగతి. ఊరికే గుండె ఆగినంత పనైంది. అంటే చెడిపోయింది ఒక్క బండే అన్నమాట. మిగతావన్నీ బాగున్నట్టే."

ల్యాబు అమ్మాయి నోరు తెరిచింది. "సార్, మిగతావాటిని ఇన్నాళ్లూ అసలు పరీక్షే చేయలేదు. వాటి సంగతి ఎవరికీ తెలియదు."

"చెడిపోయినట్టు రిపోర్టు ఉందా అమ్మా?"

"ఏ రిపోర్టూ లేదు సార్."

"మరి లేనప్పుడు ఎలా ఆపుతాం?"

"పక్కింటాయనకి జ్వరమని తేలింది కాబట్టి నాకు జ్వరం లేనట్టే, అంతేనా సార్?" అన్నాడు బాబాయి. "నా బండి బ్రేకు తొక్కితే గుర్రుమంటుంది, కొంచెం దాన్నీ అడగండి."

"మీ వయసులో మీరూ గుర్రుమంటారు బాబాయ్" అన్నాడు తడిగుడ్డ. ఒకరిద్దరు నవ్వారు కూడా. మనవాళ్లు ఎప్పుడూ అంతే, గొంతు మీద కత్తి పెట్టినవాడు చక్కిలిగింత పెడితే నవ్వుతారు.

ఆ తర్వాత నిలబడ్డ చోటే తీర్పు చెప్పేశాడు. పెద్దకోడల్ని ఆపేయాలి. మా మరిది రేపట్నుంచి రానక్కర్లేదు. మిగతా బండ్లు మామూలే. నేను మూలన ఉన్న స్పేరు బండి తీసుకుని సాయంత్రం షిఫ్టు దించాలి.

ఆ స్పేరు బండిని దగ్గులోడు అంటారు. స్టార్టు చేస్తే ముందు దగ్గుతుంది, తర్వాత కదులుతుంది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నీ మీద నాకు నమ్మకం ఉందమ్మా" అన్నాడు తడిగుడ్డ. పెద్దకోడళ్ల మీద అందరికీ ఎప్పుడూ నమ్మకమే.

దగ్గులోడి దగ్గరికి వెళ్లి గేర్‌బాక్సు డిప్‌స్టిక్ లాగాను. వేలితో తుడిచాను. ఎర్రగా ఉండాల్సింది ఇంజిన్ తుడిచిన మురికిగుడ్డలా గోధుమరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన. ల్యాబు అమ్మాయి నా వెనకే వచ్చింది, తనూ వాసన చూసింది. ఇద్దరం కలిసి తడిగుడ్డకి చూపించాం.

"వాసనకి రిపోర్టు ఉండదమ్మా" అన్నాడు.

"సీసాలో పట్టి ఇవ్వండి, రేపటికల్లా నేను చెబుతాను" అంది ఆ అమ్మాయి.

"రేపు చూద్దాం. ఇప్పుడు షిఫ్టు టైమైంది."

బండి ఎక్కాను. స్టార్టు చేశాను. దగ్గింది. షెడ్డు దాటించి గేటు దాకా తెచ్చాను. అక్కడ స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు భాగం ఒక గోడకీ వెనక భాగం ఇంకో గోడకీ వచ్చేలా అడ్డంగా నిలిపాను. ఇంజిన్ ఆపాను. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాను. ధైర్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంక నడపలేక ఆపాను. ఆ దిగుడులో ఆ పిడి లాగి, పట్టుకుంటుందా లేదా అని ఊపిరి బిగబట్టడం ఇక నావల్ల కాదు.

నా వెనక బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. బాబాయి హారను కొట్టలేదు. దిగి వచ్చి నా మెట్టు మీద కూర్చుని, "పెద్దకోడలు నోరెత్తిందిరోయ్" అన్నాడు. మా మరిది వచ్చి టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లు కాసేపు దూరంగా నిలబడి, తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు.

ఫోను మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నావు? అందరం స్టాపులో నిలబడి ఉన్నాం."

"గేటు దగ్గర. రావట్లేదు."

"బండి పాడైందా?"

"ఏది పాడైందో ఏది బాగుందో ఎవరికీ తెలియదు. అది తేలేదాకా రాను. ఎవర్నీ రానివ్వను."

"మరి మేం దిగేదెలా?"

"నడిచి దిగండి."

"మోకాళ్లు పోతాయే."

"పోతే మందు రాస్తాను. మోకాళ్లకి మందుంది."

 అక్కడ మనుషుల గోల వినబడుతోంది, ఎవరో నన్ను తిడుతున్నారు. ఎనిమిది గంటలు నిలబడి పని చేసినవాళ్లు తిడతారు, వాళ్ల తప్పేం లేదు.

"తమ్ముడున్నాడా అక్కడ?"

"ఉన్నాడు."

"తిట్టావా వాణ్ణి?"

"ఓపిక లేదు."

"సర్లే. ఇంటికొచ్చాక నేను తిడతాను. సరే, నడుస్తున్నాం" అని ఫోను పెట్టేశాడు.

కొండ అంచున వాళ్ల వరస ఇక్కడినుంచి కనిపిస్తోంది. చీమల్లా దిగుతున్నారు. ఒక్కొక్కరి చేతిలో టిఫిను డబ్బా. మెల్లగా, ఆగి ఆగి. అయినా దిగుతున్నారు, తమ కాళ్ల మీద తాము. ఈ వారంలో ఆ దారిలో నేను చూసిన భద్రమైన ప్రయాణం అదొక్కటే.

తడిగుడ్డ వచ్చి బండి కిటికీ కింద నిలబడి అమ్మా, తల్లీ అంటున్నాడు. పోలీసుల్ని పిలుస్తానని కూడా అదే మెత్తటి గొంతుతో అంటున్నాడు. పిలవమనండి. వాళ్లకీ ఒక సీసా ఇస్తాను, వాసన చూడమని.

నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. మీతోనే మాట్లాడుతున్నాను, రూలు రాసిన మీతో. బండ్లన్నీ ఇక్కడే ఉన్నాయి, ఇంకా వేడిగానే ఉన్నాయి. ల్యాబు అమ్మాయి పెట్టె పట్టుకుని గోడ పక్కన కూర్చుని ఉంది, వెళ్లమన్నా వెళ్లలేదు. ఖాళీ సీసాలు తెప్పించండి. ప్రతి బండిలోంచీ దాని సీసా దానికే, డ్రైవరు చూస్తుండగా, మెకానిక్కు చూస్తుండగా పట్టించండి. చెడిపోయిందని తేలిన బండి ఆగాలి, ఆగిన బండి మనుషులకి జీతం ఆగకూడదు. అది రాసివ్వండి, అది లేకపోతే రేపు ఇంకో పెద్దకోడల్ని వెతుక్కుంటారు మావాళ్లు. నిజం చెప్పినందుకు మా మరిదిని పంపించేయడం కుదరదు, వాడు రేపు పొద్దున్న ఇదే షెడ్డుకి వస్తాడు. అన్నిటికన్నా ముందు ఆ పీపా తాళం తీయండి. ఇప్పుడే తీయండి, నా కళ్లముందు. అప్పటిదాకా నేను ఈ సీటులోంచి లేవను.